రిపోర్టులో జీను పేరు

ఉగాది కార్యక్రమం ముగిసి, పిల్లలు హాల్లో కుర్చీలు ఎత్తి పెడుతుంటే, మేమిద్దరమూ వెనక వంటగదిలో పులిహోర గిన్నెలు తోముతున్నాం. పక్కన గరిటెలు తుడుస్తున్న సోదరి ఒకామె, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఫోనులో ఒక కాగితం ఫోటో తీసి మా ముందు పెట్టింది. గుంటూరులో వున్న వాళ్ళమ్మగారికి ఊపిరితిత్తుల కాన్సరు అని తేలిందట. ఆవిడ జన్మలో సిగరెట్టు గానీ చుట్ట గానీ ముట్టిన మనిషి కాదు. ఆ కాగితం, కంతి ముక్కను పరీక్ష చేసి ఇచ్చిన రిపోర్టు. అందులో రెండు జీన్ల పేర్లున్నాయి. ఒకటి ఇ.జి.ఎఫ్.ఆర్., రెండవది టి.పి. 53. రెండింటి ఎదుటా మ్యుటేషన్ వుందని రాసి వుంది.

"జీన్లో వుందంటే మా వంశంలో వున్నట్టే కదండీ?" అని అడిగింది.

సంగతేమిటంటే, వాళ్ళ అన్నగారి అమ్మాయికి సంబంధం చూస్తున్నారు. మాటలు తాంబూలాల దాకా వచ్చాయి. రిపోర్టు సంగతి బయటికి పొక్కితే పిల్ల పెళ్ళి చెడుతుందని అన్నగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. చుట్టాలకు "నిమ్ము చేరింది" అని చెబుతున్నారు. అమ్మగారికీ అదే చెప్పారు. నిమ్ముకు రోజూ ఇంత ఖరీదు బిళ్ళ ఏమిటని ఆవిడ అడుగుతోందట.

ఆమె అనుమతి తీసుకుని, కొన్ని ఆనవాళ్ళు మార్చి యీ సంగతి రాస్తున్నాం. యీ శీర్షిక రాసే మా ఇద్దరిలో ఒకరి పని ఛాతీ రోగుల వార్డులో, ఒకరి పని అటువంటి కంతి ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూసే గదిలో. యీ దేశం వచ్చిన దగ్గర్నించీ ఇదే. అయినా ఆ ప్రశ్నకు వంటగదిలో తిన్నగా జవాబు చెప్పలేకపోయాం. ఎవరో కాఫీ కోసం లోపలికి వచ్చారు, ఆమె గబుక్కున ఫోను సంచిలో పడేసింది. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇది.

జీన్‌ను మనం తెలుగులో జన్యువు అన్నాం. మాటలోనే జన్మ వుంది. అందుకే చెవిన పడగానే తాతముత్తాతలూ, పుట్టబోయే మునిమనవలూ కళ్ళ ముందు నిలుస్తారు. కాని జన్యువులు పుట్టిన నాడు పని ముగించుకుని పోయేవి కావు. శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ వాటి పూర్తి ప్రతి ఒకటి వుంటుంది, రోజూ వాడకంలో వుంటుంది. పంచాంగం అనుకోండి. అచ్చు ఒకటే, ప్రతులు ఇంటింటికీ. ఒక ఇంట్లో దీపం నూనె ఒలికి తిథుల పేజీ చెరిగిపోతే ఆ ఇంట్లో పండగలు తప్పుతాయి. పొరుగింటి పంచాంగానికి ఏమీ కాదు, అచ్చాఫీసుకు అసలే కాదు. ఊపిరితిత్తిలో ఒక కణంలో జన్యువు చెడటం ఇలాంటిదే. బిడ్డలకు అందేది అండంలోనూ వీర్యకణంలోనూ వుండే ప్రతి. ఊపిరితిత్తిలో చెడిన ప్రతికి అక్కడికి దారి లేదు. పైగా ఆ అమ్మగారు బిడ్డల్ని కని నలభై ఏళ్ళు దాటింది. ఇటీవల చెరిగిన అక్షరం నలభై ఏళ్ళు వెనక్కి నడిచి అన్నగారికి అంటుకోదు, అన్నగారి నుంచి అమ్మాయికీ రాదు.

అచ్చాఫీసులోనే తప్పు పడిన కుటుంబాలు లేకపోలేదు. అసలు కథ అక్కడే మొదలైంది గనుక అది కూడా చెప్పాలి.

పసిపిల్లల కంట్లో రెటినోబ్లాస్టోమా అని ఒక కంతి వస్తుంది. 1971లో అమెరికాలో, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే డాక్టరు 48 మంది పిల్లల రికార్డులు ముందేసుకుని లెక్క కట్టాడు. కొందరికి రెండు కళ్ళలోనూ, మరీ పసితనంలోనే కంతులు వచ్చాయి. కొందరికి ఒక్క కంట్లో, కొంత ఆలస్యంగా వచ్చింది. ఎందుకని? ప్రతి జన్యువూ మనకు రెండుంటాయి, అమ్మ వైపుది ఒకటి, నాన్న వైపుది ఒకటి. కంతి పుట్టాలంటే ఒకే కణంలో రెండూ పోవాలి. మొదటి రకం పిల్లలు ఒకటి పోయి పుట్టారు గనుక ఇంకొక్క దెబ్బ చాలు. రెండవ రకం పిల్లలకు రెండు దెబ్బలూ పుట్టాకనే పడ్డాయి. నడ్సన్ ఆ జన్యువును కంటితో చూడలేదు, కాగితం మీద లెక్క వేసి చెప్పాడు. పదిహేనేళ్ళకు, 1986లో, అది 13వ క్రోమోజోము మీద దొరికింది. ఆర్.బి. అని పేరు పెట్టారు.

ఇటువంటి జన్యువులను ట్యూమర్ సప్రెసర్ జీన్స్ అంటారు, కంతుల్ని అణచి వుంచేవి అని. మేము ఇంట్లో కాపలా జన్యువులు అని పిలుచుకుంటాం. చేనుకు ఇద్దరు కావలివాళ్ళు వున్నారనుకోండి. ఒకడు మంచం పట్టినా రెండోవాడు చూసుకుంటాడు. ఇద్దరూ లేకపోతేనే చేను పశువుల పాలు. ఆర్.బి. పని గేటు దగ్గర. కణం ఒకటి రెండుగా చీలబోయే ముందు, అనుమతి వచ్చిందాకా గేటు మూసి పట్టుకుంటుంది.

టి.పి. 53 చరిత్ర ఇంకా చిత్రం. దాని నుంచి తయారయ్యే ప్రోటీనును పి 53 అంటారు. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, అమెరికాలో ఆర్నాల్డ్ లెవీన్, ఇంకా కొందరు ఎవరికి వారుగా దాన్ని కనుక్కున్నారు. కాన్సరు కణాల్లో ఎక్కడ చూసినా అదే కనబడుతోంది గనుక, కాన్సరుకు కారణం అదేనన్నారు. దొంగతనం జరిగిన ప్రతి చోటా వాడే కనబడితే వాడే దొంగ అనుకోమా? పదేళ్ళు అలాగే సాగింది. తీరా చూస్తే, ప్రయోగాలకు అందరూ వాడుతూ వచ్చిన ప్రతుల్లో చాలా వరకు చెడిపోయినవి. చెడని పి 53 పెట్టి చూస్తే కాన్సరు కణాల పెరుగుదల ఆగిపోయింది. 1989లో బాల్టిమోరులో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు కంతుల్లో యీ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిని వున్నాయని చూపించింది. అదే ఏడు ఊపిరితిత్తుల కంతుల్లోనూ దానికి తరచు దెబ్బ తగులుతోందని తేలింది. పదేళ్ళు దొంగ అనిపించుకున్నవాడు కావలివాడని తెలిసింది.

పి 53 చేసే పని ఇది. కణంలో డి.ఎన్.ఎ.కు దెబ్బ తగిలితే అది లేచి, చీలిక ఆపిస్తుంది, మరమ్మతుకు వ్యవధి ఇప్పిస్తుంది. మరమ్మతు కాదని తేలితే ఆ కణాన్ని చావనిస్తుంది. చెడ్డ కణం చచ్చిపోవటం ఒంటికి మంచిదే. అయితే పి 53 ఒంటరిగా పని చెయ్యదు, నాలుగు కలిసి ఒక జట్టుగా చేస్తుంది. రెండు ప్రతుల్లో ఒకటి చెడినప్పుడే, ఆ చెడ్డ ప్రోటీను జట్టులో చేరి మంచివాటి పని కూడా పాడు చేస్తుంది. కంచే చేను మేసిందనే సామెతకు ఇంతకంటె సరిపోయే జన్యువు మాకు కనబడలేదు.

ఇక పొగ సంగతి. బెంజోపైరీన్ అనే పదార్థాన్ని 1930లలో లండన్‌లో రెండు టన్నుల బొగ్గు తారు నుంచి వేరు చేశారు. అది చర్మానికి కాన్సరు తెప్పిస్తుందని అప్పుడే తెలుసు. సిగరెట్టు పొగలో కూడా అది వుంది. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల రోగులను ప్రశ్నించి, ఊపిరితిత్తుల కాన్సరుకూ సిగరెట్టుకూ సంబంధం వుందని చూపించారు. ఆ పని మధ్యలోనే డాల్ తన సిగరెట్లు మానేశాడు. అయినా సిగరెట్టు కంపెనీల మాట ఒకటే, ఇవి అంకెలే గాని పొగ కణంలో ఏం చేస్తోందో ఎవరు చూశారు అని. 1996లో చూశారు. పి 53 ప్రోటీను 393 పూసల దండ. పొగ తాగినవాళ్ళ కంతుల్లో అది 157, 248, 273 స్థానాల్లో ఎక్కువగా చెడుతోందని ముందే తెలుసు. ప్రయోగశాలలో మానవ కణాలకు, శరీరంలో మార్పు చెందిన బెంజోపైరీన్ పట్టించి చూస్తే, ఆ పదార్థం జన్యువు మీద సరిగ్గా ఆ చోట్లనే పోయి అంటుకుంది. గోడకు పడ్డ బొక్క, తుపాకి గుండు రెండూ సరిపోయాయి.

కేంబ్రిడ్జి దగ్గర సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2010లో ఒక రోగి కంతి కణాల డి.ఎన్.ఎ. అంతా చదివి 22,910 మార్పులు లెక్కపెట్టారు. రమారమి ప్రతి పదిహేను సిగరెట్లకు ఒక మార్పు అని తేల్చారు. 2016 నాటి ఇంకో లెక్క ప్రకారం, రోజుకొక పెట్టె చొప్పున ఏడాది తాగితే ఊపిరితిత్తి కణం ఒక్కొక్క దానిలో సగటున 150 మార్పులు.

ఇక్కడ మా నాయనమ్మ ప్రస్తావన వస్తుందని మాకు తెలుసు. "మా నాయనమ్మ అడ్డపొగ తాగి తొంభై ఏళ్ళు బతికింది" అనే మాట శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళెవరైనా అనకుండా వుండరు. మా ఇంట్లోనే ఆ మాట వుంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆ అలవాటు వల్ల అంగిట్లో కాన్సరు వస్తుందని విశాఖ డాక్టర్లు 1950లలోనే రాశారు. అయినా నాయనమ్మ బతికింది, నిజమే. మార్పులు ఎక్కడ పడాలో చూసుకుని పడవు. మూడు వందల కోట్ల అక్షరాల్లో చాలా భాగం పడినా నష్టం లేని చోట్లే. ఒకే కణంలో ఒక కాపలా జన్యువు రెండు ప్రతులూ, తర్వాత ఇంకొక దానివి, ఇలా వరసగా పోవటం లాటరీ లాంటిది. నాయనమ్మకు తగల్లేదు. పక్కింటావిడకు తగిలింది, ఆవిడ గురించి చెప్పుకునే మనవలు మన సంఘంలో లేరు.

పొగాకును తిట్టే ముందు ఇంకో మాట ఒప్పుకోవాలి. మనలో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు చాలామందికి చదువులు అబ్బింది పొగాకు బ్యారన్ల డబ్బుతోనే. 1976లో పొగాకు బోర్డు పెట్టినా గుంటూరులోనే పెట్టారు. మా మెడికల్ కాలేజీ ఫీజులు కూడా ఆ ఆకు కట్టినవే.

ఊపిరితిత్తుల కాన్సరు ఒకటి కాదు, చాలా రకాలు. అన్నిటికంటె వేగంగా పాకేది స్మాల్ సెల్ అనేది, దాదాపుగా పొగ తాగేవాళ్ళ జబ్బు. అందులో ఆర్.బి., టి.పి. 53 రెండూ దాదాపు అందరిలోనూ పోయి వుంటాయి. 2015లో 110 కంతుల్ని పూర్తిగా చదివి యీ సంగతి తేల్చారు. గేటు మనిషీ లేడు, కావలివాడూ లేడు. స్క్వామస్ అనే రకంలో పదింట ఎనిమిదింటిలో టి.పి. 53 చెడి వుంటుంది, పి 16 అనే ఇంకో కాపలా జన్యువు కూడా ఎక్కువగా పోతుంది. యీ పి 16 పోయే తీరు వేరు. కొన్నిసార్లు అక్షరం చెరగదు, జన్యువు మీద మూత పడి నోరు మూతబడుతుంది. ఎస్.టి.కె. 11 అని ఇంకొకటి వుంది. అది పోయిన కంతుల మీద, రోగ నిరోధక శక్తిని లేపే కొత్త మందులు చాలామందిలో సరిగా పని చెయ్యవు. అందుకే ఇప్పుడు రిపోర్టుల్లో ఇన్ని పేర్లు. మందు ఎంచుకోవటానికి రాసే పేర్లే గాని జాతకం కాదు.

మరి సిగరెట్టు ముట్టని అమ్మగారికెందుకు వచ్చింది? ఆవిడ రిపోర్టులోని ఇ.జి.ఎఫ్.ఆర్. కాపలా జన్యువు కాదు. అది కణాన్ని పెరగమని తోలేది. చెడితే కట్టు తెంచుకున్న ఆబోతు. పొగ తాగనివాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, యీ రకం ఎక్కువ. తూర్పు ఆసియా వాళ్ళలో చాలా ఎక్కువ, తెల్లవాళ్ళలో తక్కువ, మనవాళ్ళు మధ్యలో. ఎందుకిలా వున్నదో ఇంకా తేలవలసి వుంది. గాలిలో సన్నని దుమ్ము యీ మార్పును కలిగించేకంటె, ముందే మార్పున్న కణాలను రెచ్చగొట్టి పెంచుతుందని లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2023లో చూపించారు. ఆవిడ ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకున్న మనిషి. వంటింట్లో బొగ్గుల పొగ విషయంలో రుజువు గట్టిగా వుంది. కట్టెల పొగ విషయంలో అంత గట్టిది కాదు గాని, అనుమానించే పాటి వుంది. పక్కన ఆయన చుట్ట పొగ వుండనే వుంది. ఏది కారణమో ఒక్క మనిషి విషయంలో వేలు పెట్టి చూపటం కుదరదు. వంశం మీద మాత్రం నేరం మోపనక్కరలేదు.

ఆబోతుకు మందు వుంది. రోజూ ఒక బిళ్ళ, పలువురికి కొన్నేళ్ళు బాగా పని చేస్తుంది. ఆవిడ అడుగుతున్న ఖరీదు బిళ్ళ అదే. ఆబోతును కట్టెయ్యటం సులభం, పోయిన కావలివాణ్ణి తెచ్చి నిలబెట్టడం కష్టం. వున్నదాన్ని అడ్డుకునే మందులు చెయ్యగలిగారు గాని, లేనిదాన్ని తిరిగి ఇచ్చే మందు ఊపిరితిత్తుల కాన్సరుకు ఇంతవరకూ వాడుకలోకి రాలేదు. అందుకే టి.పి. 53 కూడా పోయినవాళ్ళలో ఆ బిళ్ళ పని చేసే కాలం సగటున తక్కువ. దానికి తోడు ఆర్.బి. కూడా పోతే, కొద్దిమందిలో కంతి స్మాల్ సెల్‌గా రూపు మారుతుంది. ఇవన్నీ ఆవిడ డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడవలసిన సంగతులు. నిమ్ము అని చెప్పినప్పుడు ఆ మాటలు ఆవిడతో ఎవరు మాట్లాడతారు?

ఏ కుటుంబం జాగ్రత్త పడాలో కూడా చెప్పాలి. పుట్టుకతోనే టి.పి. 53 చెడిన కుటుంబాలు బహు అరుదుగా వుంటాయి. వాటిలో చిన్న వయసులోనే ఒకరి తర్వాత ఒకరికి రకరకాల కాన్సర్లు వస్తాయి. అలాంటి చరిత్ర వున్న ఇంట్లో కంతి ముక్కను కాదు, రక్తం తీసి పరీక్షిస్తారు. అమ్మకో నాన్నకో ఊపిరితిత్తుల కాన్సరు వచ్చిన బిడ్డలకు ముప్పు మిగతావాళ్ళ కంటె కొంత ఎక్కువ మాట నిజమే. అందులో కొంత ఒకే ఇంటి పొగ పీల్చినందువల్ల. డెబ్భై దాటాక, ఇంట్లో ఒక్కరికే వచ్చిన యీ జబ్బును చూసి పిల్ల పెళ్ళి ఆపే డాక్టరును మేము చూడలేదు.

ఇంకొక పెద్దాయన వున్నారు, మేము బాబాయిగారూ అని పిలుస్తాం. నలభై ఏళ్ళుగా సిగరెట్టు. పొగ తాగిన 55 నుంచి 74 ఏళ్ళ వాళ్ళను ఊపిరితిత్తుల స్కానుకు పిలిచే పద్ధతి ఇంగ్లండులో 2019లో కొన్ని ప్రాంతాల్లో మొదలైంది. దేశమంతటికీ విస్తరించాలని 2023లో నిర్ణయించారు. ఆయనకు పిలుపు ఉత్తరం వచ్చింది. తెరవకుండానే సొరుగులో పెట్టారు. మేము పి 53 గురించి రాస్తున్నామని తెలిసి, "అయితే పోయిన జీన్లు మానేస్తే తిరిగొస్తాయా?" అని అడిగారు. బాబాయిగారు లెక్చరరుగా చేసిన మనిషి, ప్రశ్న సరిగ్గా వేశారు.

తిరిగి రావు. మానిన చాలా ఏళ్ళకు కూడా, చూడటానికి మామూలుగా వున్న శ్వాసనాళపు పొరలో క్రోమోజోము ముక్కలు పోయిన చోట్లు కనబడతాయని 1997లోనే చూశారు. కాని లండన్, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కలిసి 2020లో ప్రకటించిన పనిలో ఎవరూ ఎదురు చూడని సంగతి ఒకటి బయటపడింది. పదహారు మంది శ్వాసనాళాల నుంచి కణాలు తీసి ఒక్కొక్కదాన్నీ విడిగా చదివారు. మానేసినవాళ్ళలో, వేల మార్పులున్న కణాల పక్కనే, జన్మలో పొగ చూడనట్టున్న కణాలు కూడా వున్నాయి. కొందరిలో ఇవి నూటికి నలభై దాకా. ఇంకా తాగుతున్నవాళ్ళతో పోలిస్తే నాలుగు రెట్లు. పాడైన కణాలు బాగుపడలేదు. ఎక్కడో పొగ తగలని మూల దాగి వున్న మంచి కణాలు, పొగ ఆగాక బయలుదేరి జాగా ఆక్రమించుకుంటున్నాయని వాళ్ళ అనుమానం. ఇద్దరు కావలివాళ్ళూ క్షేమంగా వున్న కణాలవి.

డాల్ 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్ళు, 34,439 మంది బ్రిటిష్ మగ డాక్టర్లను వెంబడించిన లెక్కలు 2004లో వచ్చాయి. తాగుతూ పోయినవాళ్ళు సుమారు పదేళ్ళు ముందు పోయారు. అరవయ్యో ఏట మానినవాళ్ళకు మూడేళ్ళు కలిసి వచ్చాయి, యాభైలో మానితే ఆరు, నలభైలో తొమ్మిది, ముప్పైలో దాదాపు పదికి పది. బాబాయిగారికి అరవై నాలుగు. మూడేళ్ళంటే మనవడి డిగ్రీ చదువు, మొదటి ఏడు నుంచి చివరి దాకా.

ఉత్తరం సొరుగులోంచి తీశారు. స్కాను ఎప్పుడో కనుక్కుంటే మేమే కారులో తీసుకుపోతామని చెప్పాం. ఇలాంటి ఉత్తరాలు మరి కొన్ని ఇళ్ళల్లో సొరుగుల్లో వున్నాయని మాకు తెలుసు. వాళ్ళ కోసం కూడా కారులో చోటుంది. మూడు వారాలు దాటిన దగ్గు వున్నవాళ్ళు ఉత్తరం కోసం ఆగవద్దు, డాక్టరును చూడండి.

వంటగదిలో అడిగిన సోదరికి యీ వ్యాసం ముందే చదివి వినిపించాం. పంచాంగం సంగతి మళ్ళీ ఒకసారి చదవమని, అన్నగారికి ఫోనులో చెప్పటానికని కాగితం మీద రాసుకుంది. శనివారం చెప్పిందట. ఆయన విని ఏమీ అనలేదు. కాని ఆదివారం అమ్మగారే ఫోను చేసి, "నా జబ్బు పేరేమిటో మీ అన్నయ్య చెప్పాడే" అని, ఆ బిళ్ళ పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అని అడిగారట.

మోకాళ్ళ నొప్పుల గురించి అడిగినవాళ్ళకు వచ్చే నెల రాస్తాం.